ట్యాంకు పటాలం గురించి విశాఖలో పదే పదే అడిగే ప్రశ్నలు

విశాఖ నేవీ ఊరు. ఫ్రిగేట్‌కీ డిస్ట్రాయర్‌కీ తేడా ఇక్కడ టీ కొట్టు దగ్గర కూడా తెలుస్తుంది. ట్యాంకుల మాట వచ్చేసరికి మాత్రం అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ఆర్మీ ర్యాలీకి తయారవుతున్న కుర్రాళ్ళవి కొన్ని, బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూసొచ్చిన పిల్లల తల్లిదండ్రులవి కొన్ని. అడిగినవాళ్ళ మాటల్లోనే ప్రశ్నలు పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## పేర్ల దగ్గర వచ్చే తికమక

ట్యాంకు బెటాలియన్ అంటారు కదా, మన ఆర్మీలో ఆ పేరుతో ఏదీ కనబడదేం?

కనబడదు. అమెరికా, రష్యా వాళ్ళు బెటాలియన్ అనేదాన్నే మనం బ్రిటిష్ అలవాటు ప్రకారం ఆర్మర్డ్ రెజిమెంట్ అంటాం. రెండూ ఒకే స్థాయి పటాలాలు. మన దగ్గర దానికి ఒక కల్నల్ అధిపతి. తికమక ఎక్కడంటే, మద్రాస్ రెజిమెంట్ అన్నప్పుడు అది చాలా బెటాలియన్లకు ఇంటిపేరు లాంటిది. ఆర్మర్డ్ రెజిమెంట్ అన్నప్పుడు అది ఒకే ఒక్క పటాలం. చింతలవలస ఐదో బెటాలియన్ లాంటి ఏపీఎస్పీ పటాలాలను చూసి పెరిగినవాళ్ళు ఆ కొలతే దీనికీ పెడతారు. పేరు కలిసినా అవి పోలీసు దళాలు, లోపలి అమరిక పూర్తిగా వేరు.

నీళ్ళ ట్యాంకుకీ యుద్ధ ట్యాంకుకీ ఏమైనా సంబంధం ఉందా?

నవ్వులాటగా అడుగుతారు గానీ, ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఈ బండిని రహస్యంగా తయారుచేస్తున్నప్పుడు, ఫ్యాక్టరీలో అంత పెద్ద ఇనప డబ్బా ఏమిటని ఎవరైనా అడిగితే నీళ్ళ ట్యాంకని చెప్పమన్నారు. రహస్యం బయటపడ్డాక కూడా పేరు అలాగే ఉండిపోయింది.

హార్స్, లాన్సర్స్, లైట్ కావల్రీ అని పేర్లుంటాయి. గుర్రాలు ఇంకా ఉన్నాయా?

లేవు. గుర్రాలు పోయినా పాత అశ్వికదళాలు పేర్లు వదులుకోలేదు. పూనా హార్స్, దక్కన్ హార్స్, 7 లైట్ కావల్రీ అన్నీ ఇప్పుడు ట్యాంకు పటాలాలే. 43 ఆర్మర్డ్ రెజిమెంట్ లాంటి ఉత్త నెంబరు పేర్లు స్వాతంత్ర్యం తర్వాత పుట్టినవాటివి. నిజంగా గుర్రాలున్నది జైపూర్‌లో పెట్టిన 61 కావల్రీ.

సవార్, దఫేదార్, రిసాల్దార్... ఇవేం ర్యాంకులు?

ఇవీ గుర్రాల కాలం నాటివే. సవార్ అంటే మన పాత తెలుగులో రౌతు. కాల్బలంలో సిపాయి ఎవరో ఇక్కడ సవార్ అతనే. నాయక్‌కు బదులు లాన్స్ దఫేదార్, హవల్దార్‌కు బదులు దఫేదార్, సుబేదార్‌కు బదులు రిసాల్దార్. జీతం, హోదా సమానం. మనకు ఈ మాటలు కొత్తవేం కాదు. కలెక్టరు గది బయట నిలబడే దఫేదారు పేరు, బొల్లారంలో రిసాలా బజార్ పేరు ఆ అశ్వికదళాల మాటల నుంచి వచ్చినవే.

## చరిత్ర

ట్యాంకులు మొదట యుద్ధంలోకి ఎప్పుడు దిగాయి? దిగగానే గెలిచాయా?

1916 సెప్టెంబరు 15న, ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధభూమిలో. గెలవలేదు. వచ్చినవాటిలో చాలావరకు దారిలోనే చెడిపోయాయి, కొన్ని గోతుల్లో పడ్డాయి. గుంపుగా వాడితే ఏమవుతుందో 1917 నవంబరు 20న కాంబ్రేలో తెలిసింది. ఆ రోజు బ్రిటన్ దించిన ట్యాంకులు 400 దాటాయి, శత్రువు కందకాల వరసలు బద్దలయ్యాయి. కానీ సాయంత్రానికి పనికిరాకుండా పోయిన 179 ట్యాంకుల లెక్క చూడండి: శత్రువు కొట్టినవి 65, ఇంజను గేరు లాంటివి చెడి ఆగినవి 71, గోతుల్లో కూరుకుపోయినవి 43. శత్రువు కంటే యంత్రలోపాలే ఎక్కువ ట్యాంకుల్ని ఆపాయి. నేటి ట్యాంకు పటాలంలో రిపేరు మనుషులు, ఇంధనం బళ్ళు అంతంత మంది, అన్నన్ని ఎందుకని అడిగేవాళ్ళకు ఈ లెక్క చూపిస్తే చాలు.

మన దేశంలో ఇది ఎప్పుడు మొదలైంది?

1938లో సింధ్ హార్స్ గుర్రాలు వదిలి యంత్రాలకు మారిన తొలి భారతీయ రెజిమెంట్లలో ఒకటి. 1941 మే 1న ఇండియన్ ఆర్మర్డ్ కోర్ ఏర్పడింది, అందుకే మే 1 ఆర్మర్డ్ కోర్ దినం. దేశ విభజనప్పుడు ఉన్న 18 రెజిమెంట్లలో 12 మనకు, 6 పాకిస్తాన్‌కు వెళ్ళాయి. ఇప్పుడు మన దగ్గర 60కి పైగా ఉన్నాయి.

దక్షిణాదికి ఈ పటాలాలతో పాత సంబంధం ఉందా?

ఉత్తరాదికి ఎంత ఉందో అంత ఉంది, చెప్పుకోవడమే తక్కువ. అన్నిటికంటే పాతదైన 16 లైట్ కావల్రీ 1776లో ఆర్కాటు వైపు పుట్టింది. 7 లైట్ కావల్రీ 1784, 8 లైట్ కావల్రీ 1787, రెండూ మద్రాసు ప్రెసిడెన్సీవే. దక్కన్ హార్స్ మూలాలు 1790 నాటి నిజాం రాజ్యపు రౌతు దళాల్లో ఉన్నాయి. 16 లైట్ కావల్రీలో నేటికీ దక్షిణాది జవాన్లే ఎక్కువ, మన తెలుగువాళ్ళు కూడా ఉంటారు.

జోజిలా మీదికి ట్యాంకులు ఎక్కించారంటారు, నిజమేనా?

నిజమే. 1948 నవంబరు 1న, కశ్మీర్ నుంచి లడఖ్‌కు వెళ్ళే దారిలో 11,500 అడుగులు దాటిన ఆ కనుమలోకి 7 లైట్ కావల్రీ వాళ్ళ స్టూవర్ట్ ట్యాంకులు వెళ్ళాయి. శ్రీనగర్ వైపు నుంచి తెచ్చేటప్పుడు పాకిస్తాన్ వైపు శత్రువు కంటపడకుండా టరెట్లు (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగాలు) విప్పి విడిగా మోసుకొచ్చారు. మంచు పడుతుండగా ట్యాంకులు ఎదురవుతాయని శత్రువు అనుకోలేదు. దాడికి నాయకత్వం జనరల్ తిమ్మయ్యది, రెజిమెంట్ అధిపతి రాజిందర్ సింగ్ స్పారో. ఆ ట్యాంకుల బరువు 15 టన్నుల చిల్లర. నేటి ట్యాంకు అంతకు మూడింతలు బరువుంటుంది. లడఖ్ కోసం 25 టన్నుల జోరావర్ తేలిక ట్యాంకు ఎందుకు చేస్తున్నారో ఇక్కడే అర్థమవుతుంది.

1965, 1971లో మన ట్యాంకులు ఎలా గెలిచాయి? పాకిస్తాన్ దగ్గర ప్యాటన్లు మెరుగైనవి కదా?

అమెరికా ఇచ్చిన ఆ ప్యాటన్ ట్యాంకులు కాగితం మీద మెరుగైనవే. 1965 సెప్టెంబరులో అసల్ ఉత్తర్ దగ్గర మనవాళ్ళు గుర్రపునాడా ఆకారంలో మూడు వైపులా కాచుకుని, చెరకు తోటల్లోకి నీళ్ళు వదిలారు. ప్యాటన్లు బురదలో దిగబడ్డాయి. దారి వెతుక్కుంటూ పక్కకు తిరిగినప్పుడల్లా పలచని పక్క కవచం మన ఫిరంగులకు కనబడింది. పాకిస్తాన్ పోగొట్టుకున్న ట్యాంకులు 90 దాటాయి.

సియాల్‌కోట్ వైపు ఫిల్లోరా పోరులో పూనా హార్స్ అధిపతి లెఫ్టినెంట్ కల్నల్ ఏ.బీ. తారాపూర్ గాయపడి కూడా వెనక్కి రాకుండా సెప్టెంబరు 16న అమరుడయ్యారు. అదే రెజిమెంటు నుంచి 1971 డిసెంబరు 16న బసంతర్ దగ్గర 21 ఏళ్ళ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్, మంటలు రేగిన తన సెంచూరియన్ ట్యాంకును వదలకుండా పోరాడి ప్రాణమిచ్చారు. ఇద్దరికీ పరమవీర చక్ర వచ్చింది.

## లోపలి అమరిక

ఒక రెజిమెంట్‌లో ఎన్ని ట్యాంకులుంటాయి? ఒకరు 45 అంటారు, ఒకరు 42 అంటారు.

ఇద్దరి లెక్కా సరైనదే. మూడు ట్యాంకులు కలిస్తే ఒక ట్రూప్. నాలుగు ట్రూపులు 12, స్క్వాడ్రన్ హెడ్‌క్వార్టర్స్‌వి 2, కలిపి ఒక స్క్వాడ్రన్‌కు 14. అలాంటి స్క్వాడ్రన్లు మూడు, ఏ, బీ, సీ. 14 మూళ్ళు 42. రెజిమెంట్ హెడ్‌క్వార్టర్స్‌వి మరో 3. అలా 45 అవుతాయి.

ట్రూప్‌కు మూడే ఎందుకు? నాలుగు పెట్టొచ్చుగా?

పెట్టేవాళ్ళు పెడతారు, అమెరికా ప్లాటూన్‌లో నాలుగు. అసలు సూత్రం ఒకటే: ఒకటి కదులుతుంటే మిగతావి ఆగి కాపు కాయాలి. మూడుంటే ట్రూప్ లీడరు కళ్ళతో చూస్తూ రెండు మాటల్లో నడిపించగలడు. నాలుగుంటే జతలు జతలుగా ఆడించవచ్చు, ఒకటి చెడినా మూడు మిగులుతాయి. కానీ రేడియోలో మాటలు పెరుగుతాయి. ఖర్చు సంగతి సరేసరి.

మిగతా దేశాల్లో ఎన్ని?

1980ల అమెరికా ట్యాంకు బెటాలియన్‌లో 58: పద్నాలుగేసి ట్యాంకుల కంపెనీలు నాలుగు, పైన రెండు. ఇప్పుడు వాళ్ళు ట్యాంకుల్నీ పదాతినీ ఒకే బెటాలియన్‌లో కలిపేశారు. సోవియట్ పద్ధతిలో 31: పదేసి ట్యాంకుల కంపెనీలు మూడు, కమాండర్‌ది ఒకటి. చిన్న పటాలాన్ని ఒక్క అధికారి గట్టిగా పట్టుకుని నడపగలడు, పెద్దది దెబ్బలు తిన్నా నిలబడుతుంది. ఏది గొప్పని వాదించడం అనవసరం అని మా అభిప్రాయం.

ఒక ట్యాంకులో ఎంతమంది కూర్చుంటారు?

మన ఆర్మీ వాడే రష్యా రకం ట్యాంకులు టీ-72, టీ-90లలో ముగ్గురు: కమాండర్, గన్నర్, డ్రైవర్. గుండు నింపే పని యంత్రానిది. టరెట్ కింద గుండ్రంగా తిరిగే పళ్ళెంలో 22 గుండ్లు సిద్ధంగా ఉంటాయి. మన దేశంలోనే రూపొందిన అర్జున్‌లో నలుగురు, నాలుగో మనిషి లోడర్. నాలుగో మనిషి లేని లోటు పోరులో కంటే తర్వాత తెలుస్తుంది. చైను బిగించాలన్నా, 30 కిలోలు దాటిన గుండ్లు ఎక్కించాలన్నా, రాత్రి వంతుల కాపలా అన్నా ముగ్గురే చేసుకోవాలి.

45 ట్యాంకులకు 135 మంది చాలుగా? మిగతా వందలమంది ఏం చేస్తారు?

ట్యాంకుల్ని బతికించి ఉంచుతారు. హెడ్‌క్వార్టర్స్ స్క్వాడ్రన్‌లో ముందు వెళ్ళి దారి చూసొచ్చే రెకీ ట్రూప్, సిగ్నల్స్ వాళ్ళు, డీజిల్, గుండ్లు, రేషన్ లారీలు ఉంటాయి. దీనికి తోడు ఎల్‌ఏడీ అని ఈఎంఈ (ఆర్మీ యంత్రాల మరమ్మతు విభాగం) మెకానిక్కుల జట్టు ఒకటి రెజిమెంటుతోనే తిరుగుతుంది. ట్యాంకు చట్రం మీదే కట్టిన రికవరీ బండి వాళ్ళ ప్రాణం. క్రేనుతో ఇంజను పైకి లేపి దించుతారు, బురదలో దిగబడ్డ ట్యాంకును వించితో లాగుతారు.

యుద్ధంలో రెజిమెంట్ మొత్తం ఒక్కటిగా వెళ్తుందా?

దాదాపుగా ఉండదు. ఒక స్క్వాడ్రన్‌ను తీసి పదాతికి ఇస్తారు, బదులు వాళ్ళ కంపెనీ ఒకటి తెచ్చుకుంటారు. అలా కలిపిన జట్టును కంబాట్ టీమ్ అంటారు. ట్యాంకు దగ్గరి పొదలో దాక్కున్నవాణ్ణి చూడలేదు, పదాతికి దూరాన ఉన్న కవచాన్ని కొట్టడం కష్టం. వెంట వెళ్ళే పదాతికి వాహనం బీఎంపీ-2 శరత్, అది మన మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారైనది. పైకి వెళ్తే కొన్ని రెజిమెంట్లు కలిసి ఆర్మర్డ్ బ్రిగేడ్, ఆపైన డివిజన్. ఆర్మర్డ్ డివిజన్లు మనకు మూడు: 1, 31, 33.

## కదలిక, మరమ్మతు

ట్యాంకు లీటరుకు ఎంత ఇస్తుంది?

లీటరుకు ఇంత అని అడగకూడదు, కిలోమీటరుకు ఎన్ని లీటర్లని అడగాలి. టీ-90లో లోపల 1,200 లీటర్లు, వెనక రెండు పీపాల్లో 400. రోడ్డు మీద 550 కిలోమీటర్లు వస్తుందంటారు, అంటే కిలోమీటరుకు సుమారు 3 లీటర్లు. విశాఖ నుంచి విజయనగరం 60 కిలోమీటర్లనుకుంటే ఒక ట్యాంకు 180 లీటర్లు తాగుతుంది, రెజిమెంటుకు 8,000 దాటుతుంది. ఇసుకలో, బురదలో ఖర్చు బాగా పెరుగుతుంది. 45 ట్యాంకులకు నిండుగా పోయాలంటే 72,000 లీటర్లు, అంటే 12,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు. ఆ ఆరు ట్యాంకర్లను కాల్చేస్తే రెజిమెంటు ఆగిపోయినట్టే.

చైను ఎందుకు ఊడిపోతుంది? ఊడితే ఏం చేస్తారు?

ముఖ్యంగా మూడు కారణాలు. చైను వదులుగా ఉండటం, ఇసుకలోనో పక్కవాలు నేల మీదో ఒక్కసారిగా తిప్పడం, చక్రాల మధ్య రాళ్ళూ గట్టి మట్టీ పేరుకోవడం. కొత్త డ్రైవర్లు మెత్తటి నేలలో గట్టిగా మలుపు తీసి పోగొట్టుకుంటారు. పాతవాళ్ళు కొంచెం కొంచెంగా, నాలుగైదు సార్లుగా తిప్పుతారు.

ఎక్కించే పద్ధతి టీ-72 రకాల్లో ఇలా ఉంటుంది. ముందున్న ఐడ్లర్ చక్రాన్ని లోపలికి జరిపి బిగువు వదులుతారు. ఒక పిన్నును సుత్తితో కొట్టి తీసి చైను విప్పుతారు. దాన్ని నేల మీద తిన్నగా పరుస్తారు. ట్యాంకును దాని మీదికి మెల్లగా నడిపిస్తారు, లేదా ఇంకో ట్యాంకుతో లాగుతారు. పై చివరను తాడుతో లాగి వెనకనున్న పళ్ళ చక్రానికి తగిలించి, రెండు కొసలూ కలిపి పిన్ను కొట్టి, ఐడ్లర్‌తో మళ్ళీ బిగువు పెంచుతారు. గట్టి నేల మీదైతే తొందరగా అవుతుంది. బురదలో చైను లోపలివైపు ఊడి ఇరుక్కుంటే రికవరీ బండి వచ్చేదాకా కూర్చోవడమే.

కంప్యూటర్ గురి చూస్తుంది కదా, గన్నర్‌కు పనేముంది?

కంప్యూటర్ లెక్క సరైనదే అయినా గొట్టం చూసే చోటూ, సైటు (గురి చూసే అద్దం) చూసే చోటూ ఒకటి కాకపోతే గుండు పక్కకే పోతుంది. తేడా ఒక్క మిల్ (కోణాన్ని కొలిచే చిన్న కొలత) ఉంటే 2 కిలోమీటర్ల దూరాన 2 మీటర్లు తప్పుతుంది. ఎదుటి ట్యాంకు వెడల్పు మూడున్నర మీటర్లే. అందుకే బోర్‌సైటింగ్ చేస్తారు: గొట్టం మూతి మీద గీసిన గుర్తుల వెంట రెండు దారాలు అడ్డంగా నిలువుగా గ్రీజుతో అంటిస్తారు. వెనక నుంచి గొట్టంలోంచి చూస్తూ కిలోమీటరు దాటిన దూరంలో ఏదైనా పదునైన మూల మీదికి ఆ దారాల కూడలిని తెస్తారు. తర్వాత గొట్టం కదలకుండా సైటులోని గుర్తును అదే మూల మీదికి తిప్పుతారు. ఎండకు ఒకవైపు వేడెక్కితే గొట్టం వెంట్రుకవాసి వంగుతుంది కూడా. గొట్టం చుట్టూ కనబడే తొడుగు అందుకే, అలంకారానికి కాదు.

రైలు మీద ట్యాంకులు వెళ్తుంటే చూశాం. అంత నెమ్మదిగా ఎందుకు?

వెడల్పు వల్ల. మన బ్రాడ్‌గేజి మీద బండి వెడల్పు 3.25 మీటర్లు దాటకూడదు, టీ-72 మూడున్నర దాటుతుంది. కాబట్టి దాన్ని కొలత మించిన సరుకుగా లెక్కేసి, ప్రత్యేక అనుమతితో, పక్క లైన్లు చూసుకుంటూ నడుపుతారు. ఎక్కించేటప్పుడు వ్యాగన్ చివర ర్యాంపు మీంచి అంగుళం అంగుళంగా నడిపిస్తారు. ముందు నిలబడి చేతి సైగలు చేసేవాడు ఒక్కడే ఉండాలి, ఇద్దరు చేస్తే ప్రమాదం. తర్వాత టరెట్‌కు తాళం, చైనుల ముందూ వెనకా చెక్క దుంగలు, వైరు తాళ్ళు. పైన 25,000 వోల్టుల కరెంటు తీగ ఉన్నచోట సరఫరా ఆపకుండా టరెట్ ఎక్కడం చావుతో సమానం.

వైజాగ్‌లో ట్యాంకులు కనబడవు, మరి నేవీ ఓడకు ట్యాంకు ల్యాండింగ్ షిప్ అని పేరెందుకు?

ట్యాంకు రెజిమెంట్లు ఎక్కువగా పశ్చిమ, ఉత్తర సరిహద్దుల వైపు ఉంటాయి. వాటిని సముద్రం మీంచి ఒడ్డుకు దించే ఓడలు మాత్రం మన రేవులో ఉంటాయి. 2009 మేలో నేవీలో చేరిన ఐరావత్ అలాంటిదే. ఆ తరగతి ఓడ 11 ట్యాంకుల్నీ, 500 మంది జవాన్లనీ మోయగలదు. ముందు దిగాల్సిన ట్యాంకు చివర ఎక్కుతుంది. ఒడ్డు దగ్గరపడగానే ఓడ వెనక లంగరు వేసి, ముందు భాగాన్ని ఇసుకకు ఆనించి, తలుపులు తెరుస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ లంగరు తాడునే చుట్టుకుంటూ వెనక్కి జరుగుతుంది. ఏ బీచ్ అయినా పనికిరాదు. వాలు సరిపోవాలి, ఇసుక గట్టిగా ఉండాలి. 2019 నవంబరులో అమెరికాతో చేసిన టైగర్ ట్రయంఫ్ విన్యాసం విశాఖ రేవులో మొదలై కాకినాడ తీరంలో ముగిసింది. ఉప్పునీళ్ళు తగిలిన ట్యాంకును మంచినీళ్ళతో కడగకపోతే చైను పిన్నులూ, కరెంటు కనెక్షన్లూ తుప్పు పడతాయి.

డ్రోన్లు వచ్చాక ట్యాంకు పని అయిపోయినట్టేనా?

1973లో అరబ్–ఇజ్రాయెల్ యుద్ధంలో క్షిపణులు వచ్చినప్పుడు కూడా ఇదే అన్నారు. ఒకటి మాత్రం నిజం: ట్యాంకు కవచమంతా ముందువైపే మందం, నెత్తిన పలచన. ఉక్రెయిన్‌లో చిన్న డ్రోన్లు ఆ నెత్తి మీదే కొట్టాయి. టీ-72 రకాల్లో గుండ్లు టరెట్ కిందే ఉండటం వల్ల తగిలితే టరెట్ ఎగిరిపోతుంది. అందుకే పైన ఇనప చట్రాలు, సిగ్నళ్ళు చెడగొట్టే జామర్లు, ట్యాంకుల మధ్య ఎడం పెంచడం. అలాగని ఎదుటివాడి నేల ఆక్రమించడానికి కవచం, ఫిరంగి, కదలిక మూడూ ఒకచోట ఉన్న బండి ఇంకోటి ఇంకా రాలేదు.

## చేరాలనుకునేవాళ్ళకు

విశాఖ రిక్రూటింగ్ ఆఫీసు నుంచి నేరుగా ట్యాంకుల్లోకి వెళ్ళొచ్చా?

అగ్నివీర్ జనరల్ డ్యూటీకి ముందు ఆన్‌లైన్ పరీక్ష, తర్వాత ర్యాలీ, వైద్య పరీక్ష. ఏ విభాగమన్నది మెరిట్‌నీ ఖాళీలనీ బట్టి ఆర్మీయే కేటాయిస్తుంది. ట్యాంకుల్లోకే పంపిస్తానని డబ్బులడిగేవాడు మోసగాడు, మారు మాట అక్కర్లేదు. ఆర్మర్డ్ కోర్ దక్కితే శిక్షణ మహారాష్ట్రలోని అహల్యానగర్‌లో, పాత పేరు అహ్మద్‌నగర్. డ్రైవర్, గన్నర్, రేడియో ఆపరేటర్ పనుల్లో ఒకటి ముందు నేర్పుతారు, తర్వాత రెండోది. కాలం నాలుగేళ్ళు, ఆపైన 25 శాతం వరకు ఉంచుకుంటారు.

ఐటీఐ డీజిల్ మెకానిక్ చేశాను. పనికొస్తుందా?

వస్తుంది. ట్యాంకు నడపడం కంటే బాగుచేయడం మీద మోజున్నవాళ్ళు ఈఎంఈ వైపు చూడాలి. రెజిమెంటుతోనే ఉంటారు, బట్టల నిండా నూనె మరకలు ఉంటాయి. టీ-90 ఇంజను 12 సిలిండర్ల డీజిల్, 1,000 హార్స్‌పవర్. గాజువాక వర్క్‌షాపులో లారీ ఇంజను విప్పిన చేతికి అందులో కొత్తగా తోచేది పరిమాణమే. గాలి వడపోత శుభ్రం లేకపోతే ఆ ఇంజనూ అంతే, ఈ ఇంజనూ అంతే. ఎడారి దుమ్ములో ఫిల్టరు పూడితే ముందు నల్లపొగ, తర్వాత శక్తి తగ్గడం, దుమ్ము లోపలికి పోతే సిలిండర్లు అరగడం.

ట్యాంకు లోపల ఊపిరాడదంటారు. నాకు ఇరుకంటే భయం, చేరొచ్చా?

ముందే ఆలోచించుకోండి. టీ-72లో డ్రైవరు మూత వేసుకుని నడిపేటప్పుడు ఇంచుమించు వాలు కుర్చీలో పడుకున్నట్టుంటాడు, బయటి లోకం అరచేయంత అద్దంలోంచే కనబడుతుంది. ఎండాకాలం లోపలి ఇనుము చెయ్యి పెట్టనివ్వదు. చాలామందికి కొన్ని వారాల్లో అలవాటవుతుంది. చిన్నప్పటి నుంచీ లిఫ్టులో కూడా నిలబడలేనివాళ్ళయితే ఆ సంగతి ర్యాలీ వైద్య పరీక్షలో దాచకుండా చెప్పండి.